‘లేడీ డ్రివెన్’ అంటే భరోసాయేనా?

పాత కార్ల ప్రకటనలు ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? ‘సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, తక్కువ తిరిగింది’ అన్న మాటల పక్కన తరచూ ఇంకో మాట కనబడుతుంది. ‘లేడీ డ్రివెన్’. ఆడమనిషి నడిపింది కాబట్టి కారు పదిలంగా ఉంటుందని వాళ్ల భావం. రోడ్డు మీద మనం కారు నడుపుతుంటే ‘అబ్బో, ఆడవాళ్ల డ్రైవింగు’ అని ఎగతాళి చేసే లోకమే, దాన్ని అమ్మేటప్పుడు మాత్రం మన పేరుని హాల్‌మార్క్ ముద్రలా వాడుకుంటుంది. వింతగా లేదూ!

నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ పిల్లల్ని స్కూల్లో దింపాలన్నా, మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా స్కూటీ చాలక, కొత్త కారు అందక చిన్న పాత కారు వైపు చూస్తున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. ‘నువ్వు నేర్చుకోవడానికి పాతదైతే చాల్లే, గీతలు పడినా ఫర్వాలేదు’ అంటూ మన కోసం కొనేదీ అదే. సరే, బాగానే ఉంది. మరి అది నడిరోడ్డు మీద ఆగిపోయినప్పుడు చంటిపిల్లతో ఎండలో నిలబడేది ఎవరు? మనమే కదా! అందుకే ఆ బేరంలో మన కళ్లూ, మన మాటా కూడా ఉండాలంటాను.

తక్కువ తిరిగితే మంచిదేనా?

నాకు తెలిసిన ఒక టీచరమ్మ తొమ్మిదేళ్ల నాటి కారు కొన్నారు. తిరిగింది 22 వేల కిలోమీటర్లే. ‘కొత్తదానికిందే లెక్క’ అన్నాడట అమ్మినాయన. ఏడాది తిరక్కుండానే బ్యాటరీ పోయింది, నాలుగు టైర్లూ మార్చాల్సొచ్చింది, ఏసీ గ్యాసు నిలవడం మానేసింది. ఆ కారుని ఎవరూ పాడుచేయలేదు. షెడ్డులో పెట్టి వాడలేదు, అంతే! వాడకుండా ఉంచిన కారులో బ్యాటరీ చార్జి పడిపోతుంది. రబ్బరు గొట్టాలు, సీళ్లు గట్టిపడి పగుళ్లిస్తాయి. టైరు అరక్కపోయినా వయసు మీదపడుతుంది.

మా ఇంట్లో ఉన్నదీ పాత కారే. కొనేనాటికే 70 వేల కిలోమీటర్లు తిరిగింది. వద్దనుకునేవాళ్లమే. కానీ మొదటి యజమాని ప్రతి సర్వీసు బిల్లునీ తేదీలవారీగా ఫైల్లో పెట్టి ఉంచారు. ఆయిలు ఎప్పుడు మార్చారు, బ్రేకులు ఎప్పుడు చేయించారు అన్నీ అందులో ఉన్నాయి. ఆరేళ్లయింది, క్లచ్ ప్లేట్లు మార్చడం మినహా పెద్ద ఖర్చు పెట్టించలేదు.

ఎంత తిరిగింది అన్నదానికన్నా ఎలా చూసుకున్నారు అన్నదే ముఖ్యమని ఈ రెండు కార్లూ చెప్పడం లేదూ? మీటరుని వెనక్కి తిప్పేవాళ్లూ ఉంటారు. బిల్లుల మీద రాసిన రీడింగు, మీటరులో అంకె పొంతన కుదురుతున్నాయా అని చూడండి. బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నబడిపోయి, మీటరు మాత్రం 20 వేలు చూపిస్తుంటే అనుమానించాల్సిందే.

వరద మిగిల్చిన కార్లు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు ఇళ్లతో పాటు బళ్లూ మునిగాయి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లోనూ అదే దుస్థితి. ఇలా మునిగిన కార్లన్నీ తుక్కులోకి పోవు. కొన్నింటిని కడిగి, సీట్లు మార్చి, రంగేసి మళ్లీ అమ్మకానికి పెడతారు, అదీ ఊరు మార్చి! మొదటి నెల్లో అంతా బాగానే ఉంటుంది. తర్వాత వైర్ల జాయింట్లలో తుప్పు మొదలై ఒకరోజు లైట్లు వెలగవు, ఇంకోరోజు కిటికీ అద్దం దిగదు. ఏ మెకానిక్కీ మూలం దొరకదు.

దీన్ని కనిపెట్టడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, లోపలి కొసన బురద చార ఉందేమో. కాళ్ల దగ్గరి కార్పెట్ ఎత్తి వాసన చూడండి. సీటు కింది పట్టాలకీ, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలోనూ తుప్పు ఉందేమో గమనించండి. చీర కొంగు తిప్పి, అంచు పరీక్షించి గానీ డబ్బులివ్వని మనం లక్షలు పోసే చోట మొహమాటపడటం దేనికి?

పేరు మారేదాకా పని అవనట్టే

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కాగితాల్లో ఉంది. చాలా ఇళ్లలో కారు ఆర్సీ ఇల్లాలి పేరనే ఉంటుంది. అమ్మేటప్పుడు 29, 30 నంబరు ఫారాలు తెచ్చి ‘ఇక్కడో సంతకం పెట్టు’ అంటారు, మనం ఖాళీ ఫారాల మీదే పెట్టేస్తాం. కొన్నాయన పేరు మార్చుకోడు. ఆయన ఇంకొకరికి అమ్ముతాడు. ఆ కారు ఎక్కడో ఎవరినో గుద్దితే?

సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. అమ్మేసిన కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది, ఆర్సీలో మాత్రం మొదటి యజమాని పేరే మిగిలిపోయింది. 2009లో ప్రమాదం జరిగింది. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని, నష్టపరిహారం బాధ్యత వారిదే అని 2018 ఫిబ్రవరిలో కోర్టు తేల్చి చెప్పింది. కారు ఇంట్లో లేకపోయినా, దాని మొహం చూసి ఏళ్లయినా సరే!

చట్టం ప్రకారం అమ్మిన 14 రోజుల్లోగా అమ్మినవారు ఆర్టీయేకి తెలియజేయాలి. అదే రాష్ట్రంలో అయితే కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో తమ పేరు మీదికి మార్పించుకోవాలి. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ మనకి రాదని గుర్తుంచుకోండి. కారు మీద బ్యాంకు అప్పుంటే అది తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం, 35వ నంబరు ఫారం చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. డీలరు ద్వారా అయితే ఆర్టీయే అనుమతి పత్రం చూపించమనండి. 2023 ఏప్రిల్ నుంచి అది ఉండాలన్న నిబంధన వచ్చింది.

ధర దగ్గర మెతకదనం వద్దు

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి 29 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కారే చవకైనప్పుడు పాతదానికి పాత ధరే చెబితే ఎలా? ధైర్యంగా అడగండి. ఇంకో సంగతి. 2024 డిసెంబరులో పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ అనగానే చాలామంది కంగారుపడ్డారు. ఆ పన్ను జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన లాభం మీద కట్టేది, కారు మొత్తం ధర మీద కాదు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి అది వర్తించదు.

మరీ పాతది చవకగా వస్తోందంటే వయసు లెక్కేసుకోండి. 15 ఏళ్లు నిండాక మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. కారుకి 600 రూపాయలుండే ఆ ఫీజుని 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 అయింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కదా, దానికి తయారుకాని పాత కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. కొన్ని పాత బళ్లలో రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ కూడా ఒప్పుకుంది. ఈ ఖర్చులన్నీ కలిపితేనే అసలు ధర తెలిసేది.

ఏ కంపెనీ కారు నమ్మకమైనది అని అడుగుతారు నన్ను. మీ ఊళ్లో మెకానిక్‌కి చేతిలో పనైనది, సామాను మీ ఊళ్లోనే దొరికేది అంటాను. మారుతీ 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా ఇంకా రోడ్ల మీద తిరుగుతోందంటే కారణం అదే.

చూడ్డానికి వెళ్లేముందు ‘మేం వచ్చేదాకా స్టార్టు చేయొద్దు’ అని చెప్పండి. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో అప్పుడే తెలుస్తుంది. నీలంగా వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నట్టే. టైరు మీది నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అమ్మేవాళ్ల మెకానిక్కుని కాదు, మీకు తెలిసిన మెకానిక్కుని డబ్బిచ్చి తీసుకెళ్లండి. స్టీరింగు పట్టుకుని మీరే ఒక రౌండు నడిపి చూడండి. రేపు రోజూ నడపాల్సింది మీరే మరి!

‘ఇవన్నీ నీకెందుకు, నేను చూసుకుంటాగా’ అని ఇంట్లో ఎవరైనా అంటే నొచ్చుకోకండి. ‘ఆర్సీలో నా పేరుంటే ఫారాలు చదవందే సంతకం పెట్టను’ అని నెమ్మదిగా చెప్పండి. ఆ ఒక్క మాటతో సగం బేరం మీ చేతికొస్తుంది. ఏమంటారు?