హలో వరల్డ్ కంటే ముందు



డిగ్రీలో మేము సీ, జావా రెండూ చదివాం. మార్కులకు లోటు లేదు. పీజీలో చేరిన మొదటి వారం సార్ “మీ సిస్టమ్స్‌లో జావా వేసుకుని రండి” అన్నారు. రాత్రంతా కూర్చుని వేశాం. తెల్లారి జావాసీ అని కొడితే ఆ పేరుతో కమాండే లేదని వచ్చింది. ప్రోగ్రాంలో తప్పు లేదు. జేడీకే బిన్ ఫోల్డర్ ఎక్కడుందో విండోస్‌కు చెప్పలేదు, అంటే పాత్ పెట్టలేదు. రెండు నిమిషాల పని. అది తెలియక మాలో కొందరం, ఈ కోర్సు మనలాంటి వాళ్ళకు కాదేమో అనుకున్నాం. పక్క బెంచీ వాళ్ళకు ఇంట్లో ఎవరో ఒకరు ముందే చూపించి ఉన్నారు. మన ఇళ్ళల్లో చూపించేవాళ్ళెవరు?

అందుకే సిలబస్‌లో లేని ఈ పాఠం హాస్టల్‌లోనే చెప్పుకోవాలని మా అభిప్రాయం.

మనల్ని ఇన్నాళ్ళు కాపాడింది టర్బో సీ, చెడగొట్టిందీ అదే. 1987లో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన ఆ నీలం తెరలో ఎడిటర్, కంపైలర్ ఒకేచోట ఉంటాయి. ఏదీ అమర్చుకోనక్కర్లేదు, కాబట్టి అమర్చుకోవడం మనకు రాలేదు. అందులో అలవాటైన కోనియో డాట్ హెచ్‌ను లినక్స్‌లో జీసీసీ ఒప్పుకోదు. జీసీసీ కూడా 1987లో పుట్టిందే. కానీ దానికి ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి, పైగా ఉచితం.

కోచింగ్ వద్దనడం లేదు. చౌటుప్పల్‌లో బస్సెక్కి, ఎల్.బి.నగర్‌లో మెట్రో పట్టుకుని అమీర్‌పేటలో ఫీజు కట్టేముందు ఇక్కడే చేసుకోగల పని ఇది. నెట్ ఉన్నచోట డెబియన్ మొదటి డీవీడీ ఫైలు ఒక్కసారి దింపుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే, తర్వాత నెట్ లేకున్నా జీసీసీ, పైథాన్ రెండూ దొరుకుతాయి. 2005 నుంచి 2011 వరకు ఉబుంటు వాళ్ళు అడిగినవారికి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. ఏ అన్న ట్రంకు పెట్టెలోనైనా ఆ సీడీ ఉందేమో చూడాలి! విండోస్‌లోనే ఉండదలిస్తే అదీ మంచిదే. పైథాన్ వేసేటప్పుడు పాత్‌లో చేర్చమనే గడిలో టిక్ పెట్టడం మాత్రం మరవొద్దు.

అన్నలకు ఒక విన్నపం. డబ్బు సాయం అడగడం లేదు. ఒక ఆదివారం రండి, మధ్యాహ్నం చికెన్ వడ్డించేలోపు పని అయిపోతుంది. తమ్ముళ్ళ పక్కన కూర్చోండి గాని కీబోర్డు ముట్టుకోకండి. మనం చకచకా కొట్టేస్తే వాళ్ళకు తెర మాత్రమే కనబడుతుంది. ఎర్రర్ వస్తే వాళ్ళనే పైకి చదవమనండి. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, మూడోసారి చదివేసరికి ఏ ఫోల్డర్ కనబడటం లేదో వాళ్ళే చెబుతారు. ఏ కమాండ్ ఎందుకు కొట్టారో ఒక నోటు పుస్తకంలో తెలుగులో రాయించి, ఆ పుస్తకం వచ్చే ఏడాది పిల్లల కోసం హాస్టల్‌లోనే వదిలి వెళ్ళండి.

పెన్‌డ్రైవ్ మేము తెస్తాం.