పొద్దుటి ఎండలో లేని విటమిన్

గోదావరిఖని, రామగుండం బొగ్గు ప్రాంతంలో ఎండకు కరువు లేదు కనుక అక్కడివారికి విటమిన్ డి లోటు ఉండదనీ, తెల్లవారుతూనే సూర్యుడికి మొక్కేవారి ఎముకలు గట్టిపడతాయనీ చెప్పే నమ్మకానికి బలం, అందులో సగం నిజం ఉండడమే. చర్మంలోని ఒక కొవ్వు పదార్థాన్ని విటమిన్ డిగా మార్చేది ఎండే అయినా, ఆ పని చేయగలిగినవి అతినీలలోహిత-బి కిరణాలు మాత్రమే. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు అవి వాతావరణంలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించవలసి రావడంతో ఓజోన్ పొర వాటిని దాదాపుగా పీల్చేసుకుంటుంది. తిరుపతిలో వైద్య పరిశోధకుడు హరినారాయణ్ బృందం జరిపిన పరిశీలనలో చర్మంలో విటమిన్ డి తయారీ పగలు 11 నుంచి 2 గంటల మధ్య ముమ్మరంగా సాగుతుందని తేలింది. ఎండకు కొదవలేని ఆ ప్రాంతపు ప్రజల్లోనే ఈ లోటు విస్తారంగా ఉందని అదే బృందం 2007లో ప్రకటించింది. సూర్య నమస్కారం వ్యాయామంగా మంచిదే, విటమిన్ లెక్కలోకి మాత్రం రాదు. పొద్దుటి షిఫ్టుకు మస్టరు పడి బాయి దిగిన కార్మికుడికైతే ఆ మూడు గంటలూ క్యాప్ ల్యాంపు వెలుగే గతి.

హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారికి ఈ లోటుకు, ఎముకను దెబ్బతీసే మరికొన్ని కారణాలు తోడవుతాయి. వైరస్ వల్ల ఒంట్లో ఎడతెగక సాగే వాపు ఎముకను అరగదీస్తుంది. మందులు మొదలుపెట్టిన తొలి ఒకటి రెండేళ్లలో ఎముక సాంద్రత, అంటే ఎముకలో ఖనిజాలు దట్టంగా పట్టి ఉండే తీరు, 2 నుంచి 6 శాతం దాకా తగ్గుతుంది. హెచ్.ఐ.వి. మందులిచ్చే ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాలు చాలాకాలం ఇచ్చిన ఎఫావిరెంజ్, విటమిన్ డిని విరిచే ఎంజైములను ఎక్కువ చేస్తుంది; ఇప్పటికీ వాడుతున్న టెనోఫోవిర్ కొందరిలో ఎముకకు కావలసిన ఫాస్ఫేటును మూత్రంలోకి పోనిస్తుంది.

కాబట్టి ఈ మాత్రలు వేడి చేసి ఎముకలను గుల్ల చేస్తాయనే మాటను పూర్తిగా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఒంట్లోని ఆ వేడిని ఏ పరీక్షా కొలవలేదు, ఫాస్ఫేటును కొలవవచ్చు, తేడా అక్కడుంది. అసలు ప్రమాదం, నొప్పిని పూర్వజన్మ పాపంగానో బాణామతిగానో ఎంచి, మాత్ర మానేసి, తాయెత్తునూ పాయా రసాన్నీ నమ్ముకోవడంలో ఉంది. మందులకు విరామమిచ్చి చూసిన స్మార్ట్ అనే అంతర్జాతీయ పరిశోధనలో విరామం తీసుకున్నవారి ఎముకలు తక్కువగా అరిగిన మాట నిజమే. కానీ వారిలో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అదను చూసి వచ్చే తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి, మందులు ఆపకుండా వాడినవారికంటే రెండున్నర రెట్లు దాటడంతో 2006 జనవరిలో ఆ ప్రయోగాన్ని నిలిపివేయవలసి వచ్చింది.

ఆర్.ఎం.పి. దగ్గర వేయించుకునే ‘బలం సూది’ మీది భక్తి కూడా ఈ కోవలోదే, దానికి గుడి ఒక్కటే తక్కువ. ఒకేసారి పెద్ద మోతాదు పడితే మేలు జరుగుతుందనుకోవడానికి లేదు: ఆస్ట్రేలియాలో ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్ల విటమిన్ డి తీసుకున్న వృద్ధ మహిళలు మిగతావారికంటే ఎక్కువగా కిందపడ్డారనీ, ఎక్కువగా ఎముకలు విరగ్గొట్టుకున్నారనీ 2010లో బయటపడింది. అదే విటమిన్ రోజుకు 4,000 యూనిట్ల చొప్పున, ఒక గ్రాము క్యాల్షియంతో కలిపి, కొత్తగా హెచ్.ఐ.వి. మందులు మొదలుపెట్టినవారికి 48 వారాలు ఇచ్చినప్పుడు తుంటి ఎముక నష్టం దాదాపు సగానికి తగ్గిందని 2015లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. నడుమో మోకాళ్లో నొప్పిగా ఉన్నవారు మాత్రను ఒక్కరోజు కూడా మానకుండా, ఆ సంగతిని ముందుగా ఏ.ఆర్.టి. కేంద్రంలోని వైద్యుడికి చెప్పాలి.