సభలు ముగిసిన పిమ్మట

ఆగస్టు 29న గిడుగువారి జయంతితో మొదలై, సెప్టెంబరు 21న గురజాడ జయంతి, నవంబరు 30న ఆయన వర్ధంతి, జనవరి 17న చాసో జయంతి మీదుగా, ఫిబ్రవరిలో శ్రీకాకుళపు కథానిలయ వార్షికదినముతో మన ఉత్తరాంధ్రమున సాహిత్యసభల ఋతువు ముగియుచున్నది. ఆరునెలలపాటు ఉపన్యాసములు, పుష్పమాలలు, శాలువలు. సంతోషమే. కాని సభ జరిగిన మరునాడు పత్రిక విప్పిన పాఠకునకు దక్కుచున్నదేమి? ఒక ఛాయాచిత్రము. అందు పదిమంది వరుసగా నిలిచి ఒక్క పుస్తకమును పట్టుకొనియుందురు. క్రింద వారి పేర్లు. దీపము వెలిగించిన దెవరో, వందనసమర్పణ చేసిన దెవరో తెలియును. ఆ పుస్తకమున నేమున్నదో, వక్త దానినిగూర్చి యేమనెనో, విన్నవారిలో నొక్కడైన లేచి కాదనెనో లేదో తెలియదు.

శృంగవరపుకోట విజయనగరమునకు దూరమేమియు కాదు. అయినను సాయంకాలపు సభకు బయలుదేరిన ఉపాధ్యాయునకు రాత్రి తిరుగు బస్సు చింత యుండనే యుండును; దుకాణము కట్టి పోజాలని వర్తకునకు ఆ చింతయు లేదు, సభయు లేదు. ఇట్టివారికి పఠనాలయపు బల్లమీది పత్రికయే దిక్కు. వారికి నివేదికయే సభ. నివేదికలో లేనిది వారిపాలిట జరుగనే లేదు.

విలేఖరిని నిందించుట న్యాయము కాదు. ఒక్కదినమున మూడు సభలు. రాత్రికి రాత్రి వార్త పంపవలెను. స్థలము చూడబోయిన జానెడు. కావున పేర్ల పట్టిక మరునాడే రానిండు. అసలు వృత్తాంతము పక్షమునకో, మాసమునకో, విన్నది మనసున కుదుటపడిన తరువాత రావచ్చును. ఆలస్యము దోషమని యెవరు చెప్పిరి? అగ్నిప్రమాదవార్త నేడే కావలయును గాని, కవిత్వమునుగూర్చిన వాదము మాసము నిలిచినంతమాత్రమున పాచిపోదు.

1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. అధ్యక్షుడు బయ్యా నరసింహేశ్వరశర్మ మన విశాఖపట్టణపు న్యాయవాది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కావలయునా వలదా యన్న విషయమున సభ్యు లేకాభిప్రాయమునకు రాలేదు. సందేహించినవారిలో మన ఉత్తరజిల్లాలవారును గలరు. సభ ముగిసెను గాని వాదము ముగియలేదు. కొండ వెంకటప్పయ్య ప్రభృతులు ఊరూర దిరిగిరి; పత్రికలు ఉభయపక్షముల మాటలను మోసెను. 1914లో బెజవాడ మహాసభ అత్యధిక సంఖ్యతో తీర్మానమును నెగ్గించెను. బాపట్లలో అందరును ముక్తకంఠమున హర్షించిరని నాడు వ్రాసి యూరకుండినచో ఆ సంవత్సరపు విచారమునకు తావెక్కడిది? భిన్నాభిప్రాయమును మ్రింగివేసిన నివేదిక కంటె పేర్ల పట్టికయే మేలు. అది కనీసము అబద్ధమాడదు.

గిడుగు రామమూర్తిగారి కడపటి విన్నపమును చూడుడు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకుల నుద్దేశించి, గ్రాంథికమును విడిచి వ్యావహారికమును చేపట్టుడని ఆయన కోరిరి. వారము తిరిగి 22వ తేదిన ఆయన స్వర్గస్థులైరి. నాడు విన్నది ఒక గదిలోని వారు మాత్రమే. అది కాగితమున కెక్కుటచేత ఎనుబదియేండ్లు దాటిన పిదపను మనము చదువగలుగుచున్నాము. (ఈ మాట గ్రాంథికమున చెప్పుచున్నామని పాఠకులు నవ్వుకొందురు గాక!)

నేడు ప్రతి సభను చరవాణిలో చిత్రించి పంచుచున్నారు గదా, ఇక వ్రాత యేల యందురేమో. మూడుగంటల దృశ్యమును తుదివరకు చూచినవాని నొకనిని చూపుడు! స్వాగతవచనములు, మైకు మొరాయింపులు, వచ్చిపోవువారి సందడి, వీనినడుమ ఇరువది నిమిషముల సారము ఎక్కడనో దాగియుండును. దానిని వెదకి తీయుటయే వ్రాయువాని పని. యంత్రము అన్నియు దాచును. ఏది దాచదగినదో దానికి తెలియదు.

కాళీపట్నము రామారావుగారు బడిపంతులు. ఇతరులు తూకమున కమ్మివేయు పాతపత్రికలను ఆయన ప్రోగుచేసిరి. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమును తెరచిరి. 2021 జూన్ 4న ఆయన కీర్తిశేషులైరి. ఆ ఇల్లు నిలిచియున్నది. తెలుగుకథ కొక యిల్లు దొరకెను. మన సభలలో కథను, కవితను, భాషనుగూర్చి పలికిన పలుకులకు మాత్రము గూడు లేదు.

సభ జరుపువారు వేదికమీద గాక క్రింద కూర్చుండు శ్రోతలలో నొకని ముందే యెంచుకొనవలెను. అతనికి శాలువ కప్పనక్కరలేదు. కాగితము, కలము, మొదటివరుసలో నొక కుర్చీ చాలును. ఎవరేమనిరి, ఎవరు కాదనిరి, ఏ ప్రశ్నకు బదులు రాలేదు అను మూడు సంగతులను రెండు పుటలలో వ్రాసి, ఒక ప్రతి పత్రికకు, ఒక ప్రతి ఊరి గ్రంథాలయమునకు పంపవలెను. దీని వ్యయము ఒక పూలదండ వెలకు మించదు.

సభలఋతువు ముగిసినది. మరల ఆగస్టు వచ్చులోపల పత్రికలలో స్థలము కొంత యుండును. శ్రీకాకుళపు సభకు పోయివచ్చినవారు శృంగవరపుకోటలో నున్నయెడల వారే మొదలుపెట్టవచ్చును. విన్నమాట వేసవిసెలవులవరకు జ్ఞాపకముండదు.