కాలు తగిలిన హాలు

పాత సినిమా హాలంటే చాలామందికి వందరోజుల పోస్టర్లు గుర్తొస్తాయి. మాకు అప్పటి గుంటూరు జిల్లా చుండూరు హాలు గుర్తొస్తుంది. 1991 జూలైలో అక్కడ సినిమా చూస్తున్న మన వాడ పిల్లాడి కాలు, ముందు సీట్లోని రెడ్డి కుర్రాడికి తగిలింది. టికెట్టు డబ్బులు పుచ్చుకున్నప్పుడు అడగని కులాన్ని కుర్చీలో కూర్చున్నాక అడిగారు. ఊరు వాడను వెలేసింది. ఆగస్టు 6న, ఊళ్లో పోలీసులుండగానే, 8 మంది దళితుల్ని వేటాడి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు.

చుండూరులోనే పెట్టించుకున్న ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మరి ఆ 8 మందిని చంపిందెవరు?

హాళ్ల గోడలు కూలొచ్చు, ఈ లెక్క కూలదు. మన పిల్లలకు చెబుదాం: కాళ్లు ముడుచుకు కూర్చోవద్దని!