గడియారం ఒకరిది, ప్రాణం మరొకరిది

రాజధాని నగరంలో సాయంకాలం ఏడు గంటల వేళ ఏ కూడలివద్ద నిలబడినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది. బస్సులు, కార్లు, ఆటోలు ఆగి ఉంటాయి. వాటి సందుల గుండా, వీపున పెద్ద పెద్ద సంచులు తగిలించుకొన్న స్కూటర్లవారు ఒక్కొక్కరే ముందుకు జరిగి, తెల్లగీతను దాటి నిలుస్తారు. వారి చూపు దీపంమీద కంటె హ్యాండిల్‌కు బిగించిన సెల్‌ఫోను మీదనే ఎక్కువగా ఉంటుంది. పచ్చదీపం వెలగకముందే ఇద్దరు ముగ్గురు దూసుకొని పోతారు. కార్లలోని పెద్దమనుషులు విసుక్కుంటారు. ఆ సంచులలోని పాలపొట్లాలు, మందులు, బట్టల పెట్టెలు తమ ఇండ్లకే చేరవలసి ఉన్నవేమో అన్న ఆలోచన మాత్రం వారికి రాదు.

ఎర్రదీపాన్ని లెక్కచేయక పోవడం తప్పు. అందులో వాదానికి తావులేదు. కాని ఆ తప్పులో భాగస్వాములు ఎందరు అన్న ప్రశ్న ఇటీవల రాజధానిలో రాజకీయ ప్రాముఖ్యం సంతరించుకొన్నది. 2025 డిసెంబరు 25, 31 తేదీలలో సరుకులు చేరవేసే గిగ్ కార్మికులు దేశవ్యాప్త సమ్మెకు పిలుపునిచ్చారు. ఆ పిలుపునిచ్చిన సంఘాలలో తెలంగాణ కార్మికుల సంఘం ప్రముఖ పాత్ర వహించింది. అదే నెలలో రాజ్యసభలో ఆమ్ ఆద్మీ పార్టీ సభ్యుడు రాఘవ్ చద్ధా, పది నిమిషాల డెలివరీ పద్ధతిని నిలిపివేయాలని కోరారు. 2026 జనవరిలో కేంద్ర కార్మికశాఖ మంత్రి మన్‌సుఖ్ మాండవీయ సంస్థల ప్రతినిధులతో మాట్లాడిన మీదట, బ్లింకిట్ సంస్థ తన ప్రచారంనుంచి ‘పది నిమిషాలు’ అన్న మాటను తొలగించింది. దీనిని కార్మికుల విజయంగా చాలామంది అభివర్ణించారు. ప్రకటనలోని మాట మారినంత మాత్రాన వీధిలోని వేగం మారుతుందా అన్నదే విచారించవలసిన విషయం.

జాగ్రత్తలు, వాటి ఖరీదు

పొట్లాలు చేరవేసేవాడు పాటించవలసిన పద్ధతులు రహస్యాలేమీ కావు. ఐ.ఎస్.ఐ. ముద్రగల హెల్మెట్ ధరించి, దాని పట్టీ గడ్డంకింద బిగించుకోవాలి. బయలుదేరేముందు టైర్లలో గాలి, బ్రేకులు, దీపాలు చూసుకోవాలి. బరువును వెనుక పెట్టెలో సరిగా సర్దుకోవాలి. కాళ్లమధ్య మూటలు ఇరికించుకొంటే బండి మలుపు తిరగదు. ఫోనులో కబురు వస్తే రోడ్డువార ఆగి చూసుకోవాలి. ఎదురుదారిన పోరాదు. ఇంటిముందు ఆగినప్పుడు ఇంజను ఆపి, తాళంచెవి తీసుకొని మెట్లెక్కాలి. వ్యాను నడిపేవాడైతే వెనుకకు మళ్లించేముందు దిగి, వెనుక పిల్లలెవరైనా ఆడుకొంటున్నారేమో చూడాలి.

ఈ జాగ్రత్తలలో డబ్బుతో కూడిన పని ఒక్కటీ లేదు. కాని ప్రతిదానికి కొంత కాలం పడుతుంది. ఒకదానికి అర నిమిషం, మరొకదానికి నిమిషం. ఎదురుదారిన పోకుండా తిరిగి రావడానికి రెండు మూడు నిమిషాలు. నెల జీతంపై పనిచేసే డ్రైవరుకు ఆ నిమిషాలు యజమాని ఖాతాలో పడతాయి. పొట్లానికి ఇంత అని కూలి పుచ్చుకొనేవానికి అవి సొంత ఖాతాలో పడతాయి. జాగ్రత్తగా నడిపినవాని సంపాదన తగ్గి, తెగించినవాని సంపాదన పెరిగే ఏర్పాటులో జాగ్రత్తను గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ప్రయోజనం స్వల్పమే.

దీని పర్యవసానం ఎంత తీవ్రమైనదో కేంద్ర రవాణాశాఖ నివేదికలే చెబుతున్నవి. 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. 2023లో ఆ సంఖ్య 1,72,890కి పెరిగింది. అనగా రోజుకు సుమారు 474 మంది. 2022 మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ఆ సంవత్సరం హెల్మెట్ ధరించక మరణించినవారు 50,029 మంది. అయితే ఈ నివేదికలు మృతులను వాహనాన్నిబట్టి, వయస్సునుబట్టి విడదీస్తాయే గాని, వృత్తినిబట్టి విడదీయవు. పనిమీద పోతూ కూలిన కార్మికుడు, షికారుకు పోతూ పడిన యువకుడు ఒకే పద్దులో చేరిపోతారు. 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులు ఉన్నారని, 2029-30 నాటికి వారు 2 కోట్ల 35 లక్షలు కాగలరని 2022లో నీతి ఆయోగ్ అంచనా వేసింది. ఇంత పెద్ద శ్రామికవర్గం రోడ్లపై చెల్లిస్తున్న మూల్యానికి ప్రత్యేకమైన లెక్క లేకపోవడం చిన్న లోపం కాదు.

మరచిపోయిన నిబంధన

చట్టం డ్రైవరుపట్ల కఠినంగానే ఉన్నది. 2019 సవరణ అనంతరం హెల్మెట్ లేనివానికి వెయ్యి రూపాయల జరిమానాతోపాటు మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత కలుగుతుంది. ఎర్రదీపం దాటడం, చేత ఫోను పట్టుకొని నడపడం, ఎదురుదారిన పోవడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తాయి. తొలి నేరానికే వెయ్యినుంచి ఐదువేల రూపాయలవరకు జరిమానా, జైలుశిక్ష కూడ పడవచ్చు.

అయితే అదే 1988 మోటారు వాహనాల చట్టంలో, బహుకొద్దిమంది దృష్టికి వచ్చే నిబంధన ఒకటి ఉన్నది. అది 183వ సెక్షనులోని నాలుగవ ఉపవిభాగం. ఒక ప్రయాణాన్ని ఇంత కాలంలో ముగించాలని ఎవరైనా కాలపట్టిక ప్రచురించినా, ఆదేశమిచ్చినా, వేగపరిమితిని ఉల్లంఘించకుండ ఆ ప్రయాణం ఆ కాలంలో సాధ్యం కాదని న్యాయస్థానం భావించిన పక్షంలో, ఆ కాలపట్టికయే, ఆ ఆదేశమే వారి నేరానికి ప్రాథమిక సాక్ష్యం కాగలదని దాని సారాంశం. తాను నియమించినవానిచేతనే గాక, తన అదుపులో ఉన్నవానిచేత అతివేగంగా నడిపించినవారు కూడ శిక్షార్హులని ఆ సెక్షనే చెబుతున్నది. ప్రమాదకరమైన డ్రైవింగ్‌కు ప్రోత్సహించినవారికి ఆ నేరానికి విధించే శిక్షే వర్తిస్తుందని 188వ సెక్షను విధిస్తున్నది.

శాసనకర్తల మనస్సులో అప్పుడు ఉన్నది బస్సులు, లారీలు కావచ్చు. కాని సూత్రం స్పష్టం. గడియారాన్ని నిర్ణయించినవాడు ఆ గడియారం కలిగించిన నేరంనుంచి తప్పించుకోరాదు. కార్మికులను ‘భాగస్వాములు’ అని పిలిచే సంస్థలు వారిని తాము నియమించలేదని వాదించవచ్చు. కాని ఏ పొట్లం ఎవరికి చేరాలో, ఎంత కూలి ఇవ్వాలో, ఎవరి ఖాతాను నిలిపివేయాలో తామే నిర్ణయిస్తూ, తమ అదుపు లేదని చెప్పడం సులభం కాదు.

సంస్థల సమాధానం కూడ వినవలసి ఉన్నది. గిడ్డంగులు ఇండ్లకు చేరువలో ఉన్నవి గనుకనే త్వరగా చేర్చగలుగుతున్నామని, రెండు కిలోమీటర్ల లోపు దూరానికి ఎనిమిది నిమిషాలు పడుతుందని, అది గంటకు పదిహేను కిలోమీటర్ల సగటు వేగం మాత్రమేనని, ఆలస్యమైనందుకు కోత విధించడం లేదని వారు అంటున్నారు. లెక్క తప్పు కాదు. ఆ సగటును పట్టుకొని 183వ సెక్షనుకింద కేసు నిలబెట్టడం కష్టమే. కాని సగటు వేగం ప్రాణాలను కాపాడదు. కూడలిలో నిలిచిన నిమిషం, కాలనీ గేటువద్ద కాపలావానికి పేరు వ్రాయించిన నిమిషం, లిఫ్టుకోసం వేచిన నిమిషం తిరిగి రాబట్టుకోవలసింది నడిరోడ్డుమీదనే. ఆలస్యానికి కోత లేకపోవచ్చు. కాని ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తేనే ప్రోత్సాహక బహుమతి అన్నప్పుడు, గడియారం తెరమీదనుంచి కూలిలోకి మారింది తప్ప పోలేదు.

ప్రమాదం తరువాత

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి, గిగ్ కార్మికులను కేంద్ర చట్టంలో తొలిసారిగా గుర్తించింది. సంస్థలు తమ వార్షిక వ్యాపారంలో నూటికి ఒకటి రెండు వంతులు, కార్మికులకు చెల్లించే మొత్తంలో ఐదు శాతానికి మించకుండ, సంక్షేమనిధికి ఇవ్వాలి. ఇది ఆహ్వానించదగినదే. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో సొంత చట్టాలు చేసినవి. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2023 డిసెంబరులో ఈ కార్మికులకు ఐదు లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు. 2025లో ఆ రాష్ట్రప్రభుత్వం ముసాయిదా బిల్లునుకూడ ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది.

కాని ఇవన్నీ ప్రధానంగా ప్రమాదం జరిగిన తరువాతి మాటలు. ప్రమాదం జరగకుండ చూడవలసిన వృత్తి భద్రతా స్మృతి అదే రోజున అమలులోకి వచ్చినప్పటికీ, అందులో గిగ్ కార్మికుని ప్రస్తావన లేదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే బస్సు, లారీ డ్రైవర్లకు సాధారణంగా రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభైఎనిమిది గంటలు అని పరిమితి విధించింది. అలసిన డ్రైవరు తనకేగాక పరులకూ ప్రమాదమని ఆనాటి పార్లమెంటు గ్రహించింది. పొట్లాలు మోసే స్కూటరువానికి అటువంటి పరిమితి ఈనాటికీ లేదు. గంటకు 25 కిలోమీటర్లకు మించని చిన్న విద్యుత్ స్కూటర్లకు లైసెన్సే అక్కరలేదు గనుక, రోడ్డు నియమాల పరీక్ష ఒక్కసారికూడ వ్రాయని కుర్రవాడు రోజంతా రాజధాని రద్దీలో తిరగవచ్చు. సొంత బండికి సొంత వాడుకకోసం తీసుకొన్న బీమా, సరుకులు మోసినప్పుడు చెల్లకపోవచ్చునన్న సంగతి చాలామందికి ఆసుపత్రిలోనే తెలుస్తుంది.

ఇతర దేశాల అనుభవం మనకు పాఠం కావాలి. అమెరికాలో డామినోస్ సంస్థ ముప్పై నిమిషాల హామీని 1993లో విరమించుకొన్నది. జ్ఞానోదయం దానికి కారణం కాదు. ప్రమాదంలో గాయపడిన మహిళకు కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని సెయింట్ లూయిస్‌లో జ్యూరీ తీర్పు చెప్పడమే కారణం. చైనా ప్రభుత్వం 2021లో, భోజనం చేరవేసేవారి గడువులను అత్యంత కఠినమైన లెక్కప్రకారం నిర్ణయించరాదని, గడువును సడలించాలని సంస్థలను ఆదేశించింది. ఒకచోట న్యాయస్థానం, మరొకచోట ప్రభుత్వం జోక్యం చేసుకొన్నవి. రెండుచోట్లా బాధ్యత గడియారం ఉన్నచోటికే చేరింది.

మన పార్లమెంటు చేయవలసింది అసాధ్యమైనదేమీ కాదు. 183వ సెక్షనులోని సూత్రాన్ని కేవలం వేగానికే పరిమితం చేయక, ఆర్డర్ల సంఖ్యకు, పనిగంటలకు, ప్రోత్సాహక బహుమతులకు విస్తరింపజేయాలి. ఎర్రదీపంవద్ద, గేటువద్ద పట్టే కాలం కూలిలో చేరాలి. ప్రమాద నివేదికలలో ఈ కార్మికులకు ప్రత్యేకమైన పద్దు ఉండాలి. పరీక్ష, శిక్షణ లేనివానిని రోడ్డుకెక్కించిన సంస్థపైకూడ జరిమానా పడాలి.

మంత్రి మాటతో ప్రకటన పలక మారింది. కాని కూడలివద్ద ఈ సాయంకాలం కూడ స్కూటర్లు తెల్లగీత దాటే నిలుస్తున్నవి. పోలీసు కానిస్టేబులు వారిలో ఒకనిని ఆపి చలానా వ్రాయవచ్చు. అది అతని విధి. ఆ చలానా ప్రతి ఒకటి, గడువు నిర్ణయించినవారి కార్యాలయానికి కూడ చేరిననాడు, నియమాలు పాటించమని డ్రైవరుకు చెప్పే నైతికహక్కు మనందరికీ లభిస్తుంది.