చోడి అంబలి రంగు చూసి సిగ్గుపడ్డది చాలు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న మా హాస్టల్ మెనూ మీటింగులో వారానికి రెండు రోజులు చోడి అంబలి పెట్టమని అడిగాం. ఒక పెద్దాయన నవ్వి, "అంబలి తాగడానికైతే కాలేజీ ఎందుకు, ఇంట్లోనే ఉండొచ్చు కదా" అన్నారు. ఆయన నవ్వినందుకు కాదు బాధ. మనోళ్లే కొందరు ఆ నవ్వులో కలిశారు. ముంచింగిపుట్టు కొండల మీంచి వచ్చినోళ్లే, చిన్నప్పుడు ఆనపకాయ బుర్రలో అంబలి మోసుకుని పోడుకి వెళ్లినోళ్లే. అందుకే ఈ పోస్టు ఆయనకి కాదు, మనకే.

నల్లగా ఉంటుందనే కదా సిగ్గు? ఆ రంగు మురికి కాదు. చోడి గింజ పైపొరలో ఫినాలిక్ పదార్థాలుంటాయి: ఫెరూలిక్ ఆమ్లం, కాటెచిన్, టానిన్లు. బూజు నుంచి, పురుగు నుంచి తన గింజని కాపాడుకోడానికి మొక్క తయారుచేసుకున్న సరుకు అది. మన అమ్మమ్మలు చోళ్లు ఏళ్ల తరబడి దాచినా చెడకపోవడానికి అదీ ఒక కారణం. ముదురు రంగు చోళ్లలో ఇవి ఎక్కువ, తెల్ల చోళ్లలో బాగా తక్కువ. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైముల్ని ఇవి నెమ్మది చేస్తాయని ల్యాబుల్లో చూశారు. చాలా భాగం పీచుకి అతుక్కుని పెద్దపేగు దాకా పోతుంది, అక్కడి బాక్టీరియా దాన్ని విడదీస్తుంది.

వడ్లకీ తవుడులో ఇవి ఉన్నాయి. మిల్లులో తెల్లగా పాలిష్ చేసేటప్పుడు తవుడుతో పాటే పోతాయి. చోడి గింజ మాత్రం మిల్లుకి అంత సులువుగా లొంగదు. పొర గట్టిగా అతుక్కుని ఉంటుంది, అందుకే గింజ మొత్తం తిరగల్లో పడుతుంది. పేదోడి తిండి అని వెక్కిరించిన దాంట్లోనే అంతా మిగిలింది! కాల్షియం చూసినా వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల పైనే, పాలిష్ బియ్యంలో పది దగ్గర.

1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యాన్ని మేం తిట్టం. ఆకలి తీర్చింది. కానీ 2013 ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యం కిలో రూపాయికి అని కూడా రాశారు. మన సంచిలో ఎక్కువగా పడుతున్నదేంటో మీకు తెలుసు. 2023లో ప్రభుత్వ బడుల్లో రాగిజావ మొదలుపెట్టారు. బడిపిల్లలకి బలం అయినది కాలేజీ పిల్లలకి నామోషీ ఎలా అయింది?

మాచ్‌ఖండ్ అవతల కోరాపుట్ వైపు చూడండి. అక్కడ మన చుట్టాలు మండియా అంటారు. ఒడిశా 2017లోనే మిల్లెట్స్ మిషన్ పెట్టి మద్దతు ధరకి కొంటోంది. 2025-26కి కేంద్రం చెప్పిన ధర క్వింటాకి 4,886 రూపాయలు. మన సంతలో షావుకారు చెప్పిందే ధర.

ఇప్పుడు మనకి ఇబ్బంది పెట్టే మాట. ఆ టానిన్లే, గింజలోని ఫైటేట్లే, ఒంటికి ఐరన్ పట్టకుండా అడ్డుపడతాయి. మన ఆడపిల్లల్లో ఎంతమందికి రక్తం తక్కువో మనకి తెలుసు, దీన్ని దాచిపెట్టి వాదించలేం. అయితే నానబెట్టి మొలకెత్తించినా, రాత్రి పులియబెట్టినా ఆ అడ్డు తగ్గుతుంది. పుల్లటి అంబలి చేసే మన ముసలమ్మలు ఏ పుస్తకం చదివి చేశారు? పక్కన చింతపండో, నిమ్మకాయో, ఆకుకూరో ఉంటే ఇంకా మంచిది. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, అందులోనూ టానిన్లే.

ఇంకో మాట, చోళ్లు షుగర్‌కి మందు కాదు. సిటీలో "సూపర్ ఫుడ్" అని ప్యాకెట్లో అమ్మేది సన్నగా ఆడించి, జల్లించి, పొట్టు తీసేసి, పంచదార కలిపింది అయితే దాన్ని అంబలి అనొద్దు. సామలూ అంతే, తెల్లగా మెరిసేదాకా పాలిష్ పడితే బియ్యానికీ వాటికీ పెద్ద తేడా ఉండదు.

వచ్చే మీటింగులో మళ్లీ అడుగుతాం. జల్లించని పిండి, ముందురోజు రాత్రి పులియబెట్టిన అంబలి, పిండి మన మండలం రైతుల దగ్గరే కొనాలి. ఈసారి సంతకాలతో వెళ్తాం, మీ పేరు, గది నంబరు రాసి పంపండి. నల్ల చోడి విత్తనం ఇంకా ఎవరింట్లో ఉందో ఊరి పేరుతో కింద రాయండి. మా ఊళ్లో అడిగితే రెండిళ్లలోనే దొరికింది.