కింద షాపు.. పైన పడకగది.. మధ్యలో 10 డెసిబెల్స్

లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి రెడ్‌హిల్స్ వైపు నడవండి. పాత ఇళ్ల చోట కింద షాపులు, పైన ఫ్లాట్లతో బిల్డింగులు లేస్తున్నాయి. తలమీద మెట్రో, కాస్త దూరంలో ఎంఎంటీఎస్ పట్టాలు, రోడ్డు మీద బస్సులు, నిలోఫర్‌కి పరిగెత్తే అంబులెన్సులు. ఆ ఫ్లాట్లలో నిద్ర పట్టేలా చూసే బాధ్యత ఎవరిది?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. వాణిజ్య ప్రాంతంలో 65, 55. ఆస్పత్రుల్లాంటి చోట్ల నిశ్శబ్ద మండలానికి 50, 40. పరిశ్రమలకు 75, 70. మరి షాపు మీద ఇల్లుంటే? దానికి వేరే గడి లేదు. మిశ్రమ ప్రాంతాన్ని ఈ నాలుగింటిలో ఒకటిగా ప్రకటించవచ్చని షెడ్యూలు కింద ఒక చిన్న నోట్, అంతే.

వాణిజ్యం అని రాసేస్తే మీ పడకగది బయట రాత్రిపూట 10 డెసిబెల్స్ అదనంగా చట్టబద్ధం అయిపోతాయి. ఇది లాగ్ స్కేలు కదా, 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు, చెవికి దాదాపు రెట్టింపు. సీపీసీబీ శబ్ద పర్యవేక్షణ కేంద్రాల్లో ఆబిడ్స్ వాణిజ్య ప్రాంతం కిందే ఉంది. ఆబిడ్స్‌లో షాపుల పైన కుటుంబాలు లేవా ఏంటి?

చట్టం వదిలేసిన ఈ ఖాళీని డ్రాయింగ్ దశలోనే పూడ్చాలి. మెట్లు, బాత్‌రూములు రోడ్డు వైపు, పడకగదులు వెనక వైపు పెడితే పైసా ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది. డబుల్ గ్లేజింగ్ అని బ్రోచర్‌లో రాసుకోవడం తేలికే. కానీ కిటికీ వైశాల్యంలో 1 శాతం సందు తెరిచి ఉన్నా, మిగతాది ఎంత మంచిదైనా, ఆపగలిగేది 20 డెసిబెల్సే. మే నెలలో పూర్తిగా మూసుకోమంటే ఏసీ కొనగలిగినవాడికే నిశ్శబ్దం! గాలి వచ్చి శబ్దం రాని వెంటిలేటర్ కావాలంటే దారిని మలుపులు తిప్పి, లోపల శబ్దాన్ని పీల్చే లైనింగ్ వేయాలి. కింద జిమ్మో పిండి మరో వస్తే అసలు సమస్య గాలిది కాదు, శ్లాబుదీ పిల్లర్లదీ. మెషీన్ కింద రబ్బరు ఐసొలేటర్లు, తేలే ఫ్లోరు ముందే ప్లాన్ చేయాలి. జనం దిగాక చేస్తే ఖర్చూ ఎక్కువే, ఫలితమూ అంతంతే.

ఇంగ్లండ్ 2018లో తన ప్లానింగ్ విధానంలో ఒక సూత్రం చేర్చింది. అప్పటికే శబ్దమున్న చోటికి కొత్తగా ఇళ్లు కట్టేవాడే దాన్ని తట్టుకునే ఏర్పాటు చూసుకోవాలి. మన నియమాల్లో ఆ మాట లేదు. ఉండాలనేది నా అభిప్రాయం.

ఇక మీ సంగతి. ఈ రంగంలో క్యాంపస్ డ్రైవ్‌లు పెట్టి వందల మందిని తీసుకోరు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ 20,000 చదరపు మీటర్లు దాటే నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి, ఆ నివేదికల్లో శబ్దం కొలతలుంటాయి. లోపలికి వెళ్లే తలుపు అదే. మెకానికల్ వాళ్లకు వైబ్రేషన్స్, ఈసీఈ వాళ్లకు సిగ్నల్స్ సగం సిలబస్ ఇచ్చేశాయి. నేను ఈసీఈనే, డెసిబెల్‌ను పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేశాను! ఎన్‌పీటెల్‌లో ఐఐటీ కాన్పూర్ అకౌస్టిక్స్ పాఠాలు ఉచితం. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ఎనిమిదో భాగంలో అకౌస్టిక్స్ సెక్షన్ చదవండి. తర్వాత మీ హాస్టల్ గదిలో రాత్రి 10 దాటాక కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవండి. ఫోన్ యాప్ అంకెను నమ్మకండి, తేడాను రాసుకోండి. ఇంటర్వ్యూలో చూపించడానికి మొదటి ప్రాజెక్టు అదే.